దూరాన ఉన్నవాళ్ళ డ్యూటీ

పుట్టిన దేశంలో భూకంపమో తుపానో వచ్చిందని తెలియగానే, పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి నాలుగు వైపుల నుంచీ ఒకే రకం సలహాలు అందుతాయి. వెంటనే ఫోన్ చెయ్యి. డబ్బు పంపు. బట్టలు, దుప్పట్లు, మందులు పోగెయ్యి. కుదిరితే టికెట్ కొనుక్కుని వెళ్ళు. విపత్తు వచ్చిన ప్రతిసారీ ఇలాంటి జాబితా ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది. ఈమధ్య మళ్ళీ ఒకటి చదివాక, దాంతో నాకున్న పేచీ ఏమిటో వివరంగా రాయాలనిపించింది.

ఇందులో అసలే చెయ్యకూడని పనంటూ ఏదీ లేదు. కానీ మొదటి మూడు రోజుల్లో, ఇదే వరసలో చేస్తే మాత్రం నాలుగింటిలో మూడు అక్కడివాళ్ళకి భారమే అవుతాయి. మన ఆదుర్దా తీరడానికి చేసే పని వేరు, వాళ్ళకి అక్కరకొచ్చే పని వేరు. దూరాన ఉన్నవాళ్ళ దగ్గర కరెంటు ఉంది, ఇంటర్నెట్ ఉంది, తెరిచి ఉన్న బ్యాంకు ఉంది, కాసేపు కన్ను మూసుకునే వీలుంది. అక్కడ లేనివి సరిగ్గా ఇవే. కాబట్టి దూరం నుంచి చేయదగ్గది గుమాస్తా పని: రాసుకోవడం, సరిచూసుకోవడం, ఫారాలు నింపడం, హెల్ప్‌లైన్లో గంటల తరబడి కాచుక్కూర్చోవడం. చప్పగా ఉంటుంది, ఎవరూ మెచ్చుకోరు. అయినా నా వాదన దాని తరఫునే.

ముందు ఫోన్ సంగతి

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం రాగానే అక్కడి మొబైల్ కంపెనీలు వాయిస్ కాల్స్‌ని 70 నుంచి 95 శాతం దాకా అడ్డుకున్నాయి. నెట్‌వర్క్ పూర్తిగా కుప్పకూలకుండా, అత్యవసర కాల్స్‌కి దారి ఉండాలని అలా చేశాయి. అదే సమయంలో డేటా మీద ఆంక్షలు చాలా తక్కువ. కారణం తేలికే. వాయిస్ కాల్ మాట్లాడినంతసేపూ టవర్ సామర్థ్యంలో కొంత భాగాన్ని పట్టేసుకుంటుంది. ఎస్సెమ్మెస్‌కి ఆ అవసరం లేదు. అవతలి ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా అది కంపెనీ దగ్గర ఆగి, సిగ్నల్ తగలగానే దిగుతుంది. అంటే పది సార్లు మోగించినా కలవని చోట ఒక్క మెసేజ్ చేరే అవకాశం ఎక్కువ.

రెండోది బ్యాటరీ. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్‌ని వెతుక్కుంటూ మామూలుకన్నా త్వరగా ఛార్జింగ్ తినేస్తుంది. కరెంటు పోయాక టవర్లు కూడా బ్యాటరీల మీదే నడుస్తాయి. చాలా టవర్లకి అది కొన్ని గంటలకే సరిపోతుంది, ఆపైన జనరేటరూ డీజిలూ ఉండాలి. ఇలాంటప్పుడు తలో దేశం నుంచి తలో పదిసార్లు చుట్టాలంతా మోగిస్తే, సాయం కోసం చెయ్యాల్సిన కాల్‌కి మిగలాల్సిన ఛార్జింగ్ కాస్తా "బాగానే ఉన్నాం" అని పదహారుగురికి చెప్పడంలోనే అయిపోతుంది.

అందుకని కుటుంబం మొత్తానికి ఒక్క మనిషి కేంద్రంగా ఉండాలి. విపత్తు ప్రాంతానికి బయట ఉన్న మనిషిని ఇలా పెట్టుకోమని అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా లాంటివి ఎప్పటి నుంచో చెబుతున్నాయి. విదేశంలో ఉన్నవాళ్ళు దానికి సరిగ్గా సరిపోతారు. పంపాల్సిన మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"ఒక అంకె పంపండి. 1 అందరం క్షేమం. 2 దెబ్బలు తగిలాయి. 3 ఇల్లు వదిలాం. 4 సాయం కావాలి."

కాసేపాగి ఇంకోటి:

"ఫోన్ ఆపేయండి. మీ టైము పొద్దున 8కి, రాత్రి 8కి పది నిమిషాలు ఆన్ చెయ్యండి. మిగతావాళ్ళకి నేను చెబుతాను."

చివరి వాక్యం మిగతా అంతటికన్నా ముఖ్యం. అది లేకపోతే వాళ్ళు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబిస్తూనే ఉంటారు. "మీ టైము" అని రాయడమూ మర్చిపోకూడదు. రెండు దేశాల గడియారాల మధ్య తికమక పడి, ఫోన్ ఆపేసిన వేళ మోగించి కంగారుపడే వాళ్ళు చాలామంది. ఇంకో చిన్న విషయం: రోమన్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే, తెలుగులాంటి లిపుల్లో 70 మాత్రమే పడతాయి. అది దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. నెట్‌వర్క్ బాగాలేనప్పుడు ఒక ముక్క దారిలో చిక్కుకుంటే మొత్తం కలిసి రాదు. పొడుగు మెసేజ్‌ని విడివిడిగా అర్థమయ్యే పొట్టి మెసేజ్‌లుగా పంపమనడం ఇందుకే.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. అంకె చూస్తే సరిపోతుందా, గొంతు వినొద్దా? వినాలి. జపాన్‌లో 1998 నుంచి నడుస్తున్న 171 సర్వీసు ఈ అవసరాన్ని గుర్తించే పుట్టింది: ఆ నంబరుకి ఫోన్ చేసి 30 సెకన్ల మెసేజ్ రికార్డు చేస్తే, ఇంటివాళ్ళు తమకి వీలైనప్పుడు వింటారు. దాని వెబ్ రూపాన్ని విదేశాల నుంచీ చూడొచ్చు. అలాంటిది లేని దేశాల్లో ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ ఆ పని చేస్తుంది. డేటా ఉన్న క్షణంలో వెళ్ళిపోతుంది, వాళ్ళు రెండోసారీ మూడోసారీ వినొచ్చు. లైవ్ కాల్ మాత్రం నెట్‌వర్క్ నిలబడ్డాకే.

రాత్రి షిఫ్టు

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక 4636 అనే నంబరుకి జనం ఉచితంగా మెసేజ్‌లు పంపగలిగారు. అవి హైతీ క్రియోల్‌లో ఉండేవి. బయటి నుంచి వచ్చిన సహాయ బృందాల్లో ఆ భాష వచ్చినవాళ్ళు తక్కువ. విదేశాల్లో ఉన్న హైతీయన్లు వాటిని ఆన్‌లైన్లో ఇంగ్లీషులోకి మార్చారు. భాష ఒక ఎత్తైతే, మెసేజ్‌లో చెప్పిన సందు ఎక్కడుందో మ్యాపు మీద గుర్తుపట్టడం ఇంకో ఎత్తు. పేటల వాడుక పేర్లు మ్యాపుల్లో ఉండవు. అక్కడ పెరిగినవాళ్ళకే తెలుస్తాయి.

ఈ కథని చాలామంది ప్రవాసులు శిథిలాల కింద ఉన్నవాళ్ళని కాపాడారన్నట్టు చెబుతారు. నిజానికి ఆ మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం నీళ్ళు, తిండి, మందులు కావాలన్నవే. నా దృష్టిలో దానివల్ల పని విలువ తగ్గదు. అయితే ఫలానా మెసేజ్ వల్ల ఫలానా ప్రాణం నిలిచిందని చూపించమంటే మాత్రం చాలా సందర్భాల్లో కష్టం. గుమాస్తా పనికి ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది.

జపాన్‌లో మరో రకం. శిబిరాల గోడల మీద చేత్తో రాసి అంటించిన పేర్ల జాబితాలని అక్కడివాళ్ళు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిని వాలంటీర్లు చూసి, టైపు చేసి, తప్పిపోయినవాళ్ళని వెతికే గూగుల్ పర్సన్ ఫైండర్‌లో ఎక్కించారు. కాగితం మీది పేరుని ఎక్కడినుంచైనా వెతకగలిగే పేరుగా మార్చడం, అంతే. ఈ పనికి విమానం ఎక్కక్కర్లేదు. అక్కడ అర్ధరాత్రి అయినప్పుడు ఇక్కడ మధ్యాహ్నం అయితే, కాల తేడా మనకి కలిసొస్తుంది కూడా. అక్కడివాళ్ళు పడుకున్నప్పుడు ఆసుపత్రుల జాబితాలు, ఎంబసీ ప్రకటనలు, రెడ్‌క్రాస్ తప్పిపోయినవారి ఫారాలు చూసిపెట్టి, తెల్లారేసరికి తేలిన సంగతిని రెండు లైన్లలో పంపొచ్చు.

ఇందులో బాగా చెడేది ఫార్వర్డుల దగ్గర. 2018 ఆగస్టు కేరళ వరదల్లో సాయం కోరుతూ వచ్చిన మెసేజ్‌లు, ఆ మనుషుల్ని బయటికి తెచ్చేశాక కూడా తిరుగుతూనే ఉన్నాయి. ఎవరో మంచిమనసుతోనే పంపుతారు. దాన్ని నమ్మి ఒక పడవ ఖాళీ ఇంటికి వెళ్ళొస్తే, ఆ గంట ఇంకెవరికో దక్కకుండా పోతుంది. అందుకే టైము లేని విన్నపాన్ని ముందుకు పంపకూడదనేది నా పట్టుదల. పంపదగ్గ విన్నపంలో ఎంతమంది ఉన్నారు, ఏ అంతస్తులో ఉన్నారు, అక్షాంశ రేఖాంశాలతో సహా చోటు ఎక్కడ, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి, మంచం పట్టినవాళ్ళో గర్భిణులో ఉన్నారా, ఆ చోటే ఉన్న మనిషి నంబరేమిటి, చివరిసారి వాళ్ళతో ఎవరు ఏ టైముకి మాట్లాడారు అన్నవి ఉండాలి. చివరి రెండూ లేకపోతే ముందు ఆ నంబరుకి మెసేజ్ పెట్టి తేల్చుకోవాలి. వాళ్ళు క్షేమంగా బయటపడ్డారని తెలిస్తే, అదే గ్రూపులో, అదే మెసేజ్ కింద "ముగిసింది, ఇక పంపకండి" అని టైముతో రాయాలి. ఈ ఆఖరి పని చేసేవాళ్ళు వందలో ఒకరు కూడా కనబడరు.

ఇంతా విన్నాక ఒకరు అడగొచ్చు: ఇలా పద్ధతిగా కూర్చుంటే ప్రభుత్వాలు కదులుతాయా? అల్లరి చేస్తేనే కదా కదిలేది? ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2023 ఫిబ్రవరి 6న టర్కీ, సిరియాల్లో భూకంపం వచ్చాక, శిథిలాల కింది నుంచి కొందరు తామెక్కడున్నారో ఫోన్‌లోంచే చెప్పారు. 8వ తేదీన టర్కీలో ట్విట్టర్‌ని కొన్ని గంటలపాటు అడ్డుకున్నప్పుడు దేశం లోపలా బయటా గోల పుట్టింది, అడ్డు తొలగింది. ఆ గోల అవసరమే. బయట ఉన్నవాళ్ళు భయపడకుండా చెయ్యగలిగిందీ అదే. కాబట్టి నా నియమాన్ని కాస్త సడలిస్తాను: ప్రభుత్వాన్ని నిలదీసే గొంతు ఎంత పెద్దదైనా పర్లేదు, కానీ పేరూ ఊరూ ఉన్న విన్నపాన్ని మాత్రం సరిచూడకుండా పంపకూడదు.

డబ్బు ఎప్పుడు, ఎవరికి

డబ్బు పంపడం మంచిదే. వస్తువుకన్నా నగదు మేలని సహాయ సంస్థలు కూడా ఇప్పుడు ఒప్పుకుంటాయి. తేడా వచ్చేది ఎప్పుడు పంపాలన్న దగ్గర. మొదటి రోజు ఖాతాలో పడిన డబ్బుని మనిషి తీసుకోవాలంటే బ్యాంకు తెరవాలి, ఏటీఎంకి కరెంటు ఉండాలి, అందులో నోట్లు నింపే బండి వచ్చే దారి ఉండాలి. మొబైల్ వాలెట్ అయితే ఏజెంటు దగ్గర నగదు ఉండాలి. ఇవి లేనిచోట, దెబ్బ తగలని పక్క ఊళ్ళో ఉన్న నమ్మకమైన మనిషికి పంపి, ఆయన చేత నోట్లుగానో సరుకులుగానో చేర్పించడం నయం.

కౌంటర్ దగ్గర నగదు తీసుకునే పద్ధతిలో చెడేది ఎక్కువసార్లు ఒకటే. పంపినవాళ్ళు ఇంట్లో పిలిచే పేరు రాస్తారు. తీసుకోవడానికి వెళ్ళినామె కార్డులో పేరు ముందు ఇంకో రెండు పదాలుంటాయి, లేదా ఇంటిపేరు చివరికి వెళ్ళి ఉంటుంది. గుమాస్తా ఇవ్వనంటాడు. ఆయన తప్పు లేదు, ఆయన నిబంధన అది. ఆమె నాలుగు కిలోమీటర్లు బురదలో నడిచి వచ్చి, ఉత్త చేతులతో వెనక్కి పోవాలి. పేరు దిద్దాలంటే పంపినవాళ్ళే దిద్దాలి, వాళ్ళకేమో ఇప్పుడు అర్ధరాత్రి. కాబట్టి పంపేముందు కార్డు ఫొటో తెప్పించుకుని, అక్షరం అక్షరం చూసి రాయాలి. కార్డే వరదలో పోయి ఉంటే, కార్డు దక్కినవాళ్ళు ఎవరున్నారో కనుక్కుని వాళ్ళ పేరున పంపాలి. కొన్ని దేశాల్లో చిన్న మొత్తాలకి ముందే పెట్టుకున్న ప్రశ్నకి జవాబు చెబితే ఇస్తారు. ఆ వీలు ఉందో లేదో కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

ఒకేసారి పెద్ద మొత్తం పంపడం నాకు నచ్చదు. ఇంట్లో నోట్ల కట్ట పెట్టుకునేందుకు తలుపే లేని రోజులవి. పైగా మొదటి వారం బయటి సాయం కొంత వస్తూనే ఉంటుంది. అసలు కొరత మూడో వారంలో, కెమెరాలు వెళ్ళిపోయాక మొదలవుతుంది. ఆ తర్వాత ఇల్లు కట్టుకునే నెలల్లో. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 200 డాలర్లు పంపడానికి సగటున 6 శాతం పైనే ఖర్చవుతుంది, కాబట్టి మరీ చిల్లరగా విడగొట్టినా నష్టమే. మొదట తిండికీ మందులకీ సరిపడా కొంత, నెల తిరిగేలోపు ఇంకొంత, మిగతాది కట్టుబడికి ఉంచుకోవడం నా సలహా. పెద్ద విపత్తుల తర్వాత కొన్ని కంపెనీలు ఆ దేశానికి ఫీజు మాఫీ చేస్తుంటాయి. ఫీజు సున్నా అన్నప్పుడు మారకపు రేటు ఎంత వేశారో చూడాలి, కొన్నిసార్లు తేడా అందులో దాగి ఉంటుంది.

ఆంక్షలున్న దేశాలకైతే ఇంకో ముడి ఉంది. ఆంక్షల భయంతో బ్యాంకులు చిన్న మొత్తాల్ని కూడా ఆపేస్తాయి. 2023 ఫిబ్రవరి 9న అమెరికా ఖజానా శాఖ, అప్పట్లో తమ ఆంక్షల కింద ఉన్న సిరియాకి, భూకంప సహాయానికి సంబంధించిన లావాదేవీలకి 180 రోజుల అనుమతి ఇచ్చింది. కాగితం మీద అనుమతి వచ్చినంతలో బ్యాంకు కౌంటర్లో గుమాస్తా ఒప్పుకుంటాడని కాదు. ఆ ఉత్తర్వు నంబరు చేతిలో పెట్టుకుని అడగాలి.

వస్తువుల గురించి ఎక్కువ చెప్పను. 1988లో ఆర్మీనియా భూకంపం తర్వాత 5,000 టన్నుల మందులూ వైద్య సామగ్రీ వచ్చి పడ్డాయి. ఏమేం వచ్చాయో తెలుసుకోవడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. 8 శాతం గడువు తీరినవి, 4 శాతం మంచుకి పాడైనవి. మిగిలినవాటిలో తేలిగ్గా గుర్తుపట్టగలిగినవి 30 శాతమే. 2015లో నేపాల్‌లో భూకంపం వచ్చాక సహాయ సామగ్రి కస్టమ్స్‌లో చిక్కుకుపోయిందని ఐక్యరాజ్యసమితి అధికారులే బాహాటంగా మొత్తుకున్నారు. అక్కడ ఫలానా ఆసుపత్రి, ఫలానా మందు, ఇన్ని, అందుకునే మనిషి వీరు అని రాతపూర్వకంగా అడిగితే తప్ప పెట్టె కట్టకూడదు.

వెళ్ళాలా

హైతీ భూకంపం తర్వాత పోర్టోప్రిన్స్ విమానాశ్రయంలో రన్‌వే ఒక్కటే. దిగడానికి విమానాలు వరసలో ఉన్నాయి. గాలితో నిలబెట్టే శస్త్రచికిత్స ఆసుపత్రిని తెచ్చిన ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యుల సంస్థ) సరుకు విమానాన్ని దిగనివ్వక డొమినికన్ రిపబ్లిక్‌కి మళ్ళించారు, ఆసుపత్రి ఒక రోజు ఆలస్యమైంది. 2015 మే 3న కాఠ్మాండూలో రన్‌వే దెబ్బతిని పెద్ద విమానాల్ని ఆపేశారు. ఇలాంటి చోటికి ఉత్త చేతులతో వెళ్ళే మనిషి, దిగిన క్షణం నుంచీ నీళ్ళు, తిండి, పడక కావాల్సిన ఇంకో మనిషే. డాక్టర్లైనా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వైద్య బృందాలకి పెట్టిన మొదటి షరతుల్లో తమ నీళ్ళూ తిండీ పడకా తామే తెచ్చుకోవడం ఒకటి.

ఇంట్లో మనిషి పోతే ఈ లెక్కలు వర్తించవు. అది సహాయానికి వెళ్ళడం కింద రాదు. అలాంటప్పుడు వెళ్ళాలనుకున్నవాళ్ళని ఆపే హక్కు ఏ వ్యాసకర్తకీ లేదు. కానీ గడప దాటేముందు ఒక గంట తిరిగి రావడం గురించి ఆలోచించాలి, ఎందుకంటే పరాయి దేశంలో మన నివాసం కాగితాల మీద నిలబడి ఉంటుంది. వీసా ఒక్కసారి ప్రవేశానికేనా? గడువు తీరితే కొత్త ముద్ర స్వదేశంలోని ఆ దేశ ఎంబసీలో వేయించుకోవాలా, ఆ ఎంబసీ విపత్తు తర్వాత తెరిచి ఉందా? అమెరికాలో గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే, హెచ్, ఎల్ లాంటి కొన్ని ఉద్యోగ వీసాలవాళ్ళకి తప్ప, ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఆశ్రయం కోరినవాళ్ళు స్వదేశానికి వెళ్ళొస్తే వాళ్ళ కేసే ప్రశ్నలో పడుతుంది. 2015లో ఖతార్‌లో ఉన్న నేపాలీ కూలీలకి యజమాని అనుమతి కాగితం లేకుండా దేశం దాటే వీలే లేదు. ఎక్కువమందికి ఆ నిబంధన పోయింది 2018లో. వాళ్ళని "ఎందుకు వెళ్ళలేదు" అని అడిగినవాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండదు.

ఉన్నచోటే ఉంటే మాత్రం ఆ దేశం ఇచ్చే వెసులుబాట్లు చూసుకోవాలి. హైతీ భూకంపమైన మూడు రోజులకి అమెరికా, అప్పటికే తమ దేశంలో ఉన్న హైతీయన్లకి 18 నెలల తాత్కాలిక రక్షణ, అంటే వెనక్కి పంపకుండా ఉండనిచ్చే అనుమతి, ప్రకటించింది. నేపాలీలకి 2015 జూన్‌లో ఇచ్చింది. అవి వాటంతటవి రావు, గడువులోపు దరఖాస్తు పెట్టాలి. 2023లో జర్మనీ అక్కడున్న టర్కీ, సిరియా వాళ్ళ దగ్గరి బంధువులకి 90 రోజుల వీసాలు త్వరగా ఇస్తామంది. పాస్‌పోర్టు శిథిలాల కింద ఉన్నవాళ్ళ పరిస్థితి ఏమిటన్న విమర్శ వెంటనే వచ్చింది, అది న్యాయమైనదే.

సెలవు విషయంలో నా లెక్క వేరు. ఆఫీసులో సానుభూతి మొదటి వారంలోనే పొంగుతుంది, అప్పుడే సెలవంతా వాడేయాలనిపిస్తుంది. సగమైనా దాచుకోండి. ఆరో వారం తర్వాత, ఆరో నెలలో, మనిషి స్వయంగా ఉండాల్సిన పనులు మొదలవుతాయి: మరణ ధ్రువపత్రం, బీమా క్లెయిము, ఇంటి నష్టం సర్వే, భూమి పత్రాల నకళ్ళు. నేపాల్ ప్రభుత్వం ఇల్లు కూలినవాళ్ళకి మూడు లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతలుగా ఇచ్చింది. మొదటి విడత 50,000. దానికి ముందు లబ్ధిదారు ఒప్పందం మీద సంతకం చెయ్యాలి, భూమి ఎవరిదో చూపించాలి. ఇంటి యజమాని దేశం బయట ఉంటే సంతకం ఎవరు పెట్టాలన్నది అప్పుడు తేలాలి. పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపొచ్చు, కానీ ఏ పనికో, ఏ ఆస్తికో, ఎంతకాలానికో అందులో స్పష్టంగా ఉండాలి. "నా తరఫున అన్నీ చూసుకోవచ్చు" అన్న ఒక్క లైను చూసి కార్యాలయాలు తిప్పి పంపుతాయి. నోటరీ చేయించాక, రెండు దేశాలూ అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశపు పత్రాల్ని ఒక్క ముద్రతో ఇంకో దేశం ఒప్పుకునే ఏర్పాటు) ఉంటే ఆ ముద్ర, లేకపోతే మన రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. అపాయింట్‌మెంటుకే వారాలు పట్టే చోట్లున్నాయి, అందుకని సర్వే వాళ్ళు ఇంటికి రాకముందే తేదీ తీసుకోవడం మంచిది.